వీల్‌ఛైర్‌లోంచి దిగకుండా టిఫిన్ తినగలిగే హోటల్, పర్లాకిమిడి

ఇడ్లీ, బరా (ఒడియావాళ్ల వడ) సంగతి తర్వాత చెప్తాను. నాలాంటివాళ్లు హోటల్‌కి వెళ్లాలంటే ముందు చూసుకునేది గుమ్మాన్ని. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో రైల్వే స్టేషన్ వైపు వెళ్లే దారిలో, ఒడియాలోనూ తెలుగులోనూ బోర్డు రాసి ఉన్న ఈ చిన్న టిఫిన్ హోటల్‌లోకి నా చక్రాలు నేనే తిప్పుకుంటూ వెళ్లగలను. నాకు తెలిసినంతలో ఊళ్లో అలాంటి హోటల్ ఇదొక్కటే. పాతపట్నం, కాశీనగర్ వైపు నుంచి పనుల మీద ఇక్కడికి వచ్చేవాళ్లలో వీల్‌ఛైర్ వాడేవాళ్లూ, వాకర్ పట్టుకుని నడిచే పెద్దవాళ్లూ ఉంటారు. వాళ్లకి పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

డాబా మీంచి పడి నా వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు. ఇంట్లో పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తాను. ఆదివారం పొద్దున్న చెల్లితో కలిసి బయట టిఫిన్ తినడం నాకు చాలా ఇష్టమైన పని.

ఈ హోటల్ రోడ్డు కంటే అరడుగు ఎత్తులో ఉంటుంది. ఇదివరకు అక్కడ ఒక మెట్టు ఉండేది. ఇప్పుడు గోడ వారగా ఆరడుగుల పొడవున సిమెంటు ర్యాంపు వేశారు. ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న లెక్క కూడా అదే, అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు. మన ఊళ్లలో ఇళ్ల ముందు, షాపుల ముందు కనిపించే ర్యాంపులు చాలావరకు మోటార్ సైకిల్ ఎక్కించడానికి వేసినవి. అంత ఏటవాలు మీద సొంతంగా ఎక్కబోతే ముందు చక్రాలు పైకి లేచి కుర్చీతో సహా వెనక్కి పడతాం. దిగేటప్పుడు మరీ ప్రమాదం, రిమ్ము చేతిలో ఆగదు. ఇక్కడ సిమెంటు తడిగా ఉన్నప్పుడే అడ్డంగా గీతలు గీయించారు కాబట్టి వానలోనూ చక్రం జారదు. పైన కుర్చీ తిప్పుకోవడానికి చోటుంది. గుమ్మం దాదాపు మూడడుగుల వెడల్పు, చేతి వేళ్లు తలుపుకి కొట్టుకోవు.

ర్యాంపు ఎందుకు వేయించారని ఓనరు గారిని అడిగాను. "మిమ్మల్ని కుర్చీతో నలుగురూ ఎత్తుతుంటే చూశానమ్మా, మీ మొహం చూసి నాకే అదోలా అయింది. ఇప్పుడు సిలిండర్లు, నీళ్ల క్యాన్లు కూడా దీని మీదే లాక్కుంటన్నాం" అన్నారు. ఎత్తేవాళ్లు మంచి మనసుతోనే వస్తారు, కాదనను. కానీ ముక్కూ మొహం తెలియని మగవాళ్లు చుట్టూ చేరి, ఎక్కడ పట్టుకోవాలో అడగకుండా ఎత్తేస్తే ఆడదానికి ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా అందరూ కుర్చీకి చేతులు ఆనించుకునే కమ్మీలనే పట్టుకుంటారు. నా కుర్చీలో అవి ఊడి వచ్చే రకం! పట్టుకోవాల్సింది కింది ఫ్రేమ్‌ని. ఎవరినైనా ఎత్తాల్సి వస్తే దయచేసి ముందు ఆ కుర్చీలో ఉన్న మనిషినే అడగండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఆఫీసులకే కాదు, జనం వచ్చిపోయే ప్రైవేటు చోట్లకీ వర్తిస్తుంది. అలాంటి చోట్లకి మాలాంటివాళ్లూ వెళ్లగలిగేలా తప్పనిసరి నియమాలు తయారు చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది కూడా. ఈ ఓనరు గారికి అవేవీ తెలియవు. చూశారు, మేస్త్రీని పిలిచారు, అంతే.

లోపల గోడ పక్కనున్న బల్లకి ఒకవైపు బెంచీ బిగించలేదు. దాన్ని జరిపితే నా మోకాళ్లు బల్ల కిందికి పూర్తిగా వెళ్తాయి. మిగతా చోట్ల బల్లకి పక్కగా ఆగి, ప్లేటు ఒళ్లో పెట్టుకుని తినాల్సి వస్తుంది. చూసేవాళ్లకి అది చిన్న ఇబ్బందిలా కనిపిస్తుంది. నాకు స్పర్శ లేని తొడ మీద వేడి సాంబారు ఒలికితే కాలిన సంగతే తెలియదు, బట్ట తడిసిందని చూసుకునేసరికి బొబ్బ లేచిపోతుంది. అది మానడానికి నెలలు పట్టొచ్చు. ఒకసారి ఈ మాట చెప్పాను, అప్పటినుంచి ఇక్కడి కుర్రాడు సాంబారు గిన్నె నాకు దూరంగా, బల్ల అవతలి అంచున పెడతాడు. మధ్యమధ్యలో నేను చేతుల మీద బలం ఆన్చి సీటులోంచి కొంచెం పైకి లేస్తుంటాను, ఒకేచోట ఒత్తిడి పడి పుండ్లు పడకుండా. అలా లేచినప్పుడు ఇక్కడ ఎవరూ కంగారుపడి పరిగెత్తుకు రారు.

ఇక అసలు మాట. చాలా హోటళ్లలో మా చెల్లి వైపు తిరిగి "ఆవిడకేటి పెట్టమంటారు?" అని అడుగుతారు. నేను ఎదురుగా ఉంటాను, నోరు బాగానే పనిచేస్తుంది, డబ్బు నా పర్సులోనే ఉంటుంది. ఒక చోటైతే నా దగ్గర డబ్బు తీసుకోనే లేదు, పుణ్యమట. ఇక్కడి ఒడియా కుర్రాడు మొదటి రోజే నా కళ్లలోకి చూసి "అపా, కొణొ ఖాయిబే?" (అక్కా, ఏం తింటారు?) అన్నాడు. బిల్లు నా చేతికే ఇచ్చాడు. చట్నీ రెండోసారి అడిగితే మిగతావాళ్లతో పాటు నన్నూ ఆగమన్నాడు. అది నాకెంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఓసారి "ఇలాంటి బతుకు పగవాడికి కూడా వద్దు తల్లీ" అన్నారు, ప్రేమగానే. ఆయనకి అప్పుడు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. 1999లో అల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ అనే పరిశోధకులు వైకల్యం ఉన్న 153 మందితో మాట్లాడారు. తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లలో 54 శాతం మంది తమ జీవితం బాగుందనో, చాలా బాగుందనో చెప్పారు. బయటినుంచి చూసేవాళ్లు మాత్రం వాళ్ల బతుకులో సుఖమే ఉండదనుకుంటారు. నాకు బాధ లేదని కాదు. స్పర్శ లేకపోయినా రాత్రిళ్లు కాళ్లలో మంట వస్తుంది, ఇన్ఫెక్షన్లు వస్తాయి, ఏడ్చిన రోజులున్నాయి. కానీ నా ట్యూషన్ పిల్లాడు భిన్నాలు అర్థం చేసుకున్న రోజు నాకు వచ్చే ఆనందంలో ఏ లోటూ లేదు. కాళ్లు కదలకుండా బతకడం నేర్చుకున్నాను. వెళ్లాలనుకున్న చోట మెట్టు చూసి వెనక్కి తిరగడమే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

లోటు చెప్పాలంటే టాయిలెట్. వెనకాల ఉంది, మెట్టెక్కాలి, తలుపు ఇరుకు. నేను నాలుగైదు గంటలకోసారి క్యాథెటర్ (మూత్రం తీసే సన్నని గొట్టం) వాడాలి కాబట్టి ఇంట్లో పని ముగించుకునే వెళ్తాను. దారిలో ఇబ్బందని నీళ్లు తాగడం మాత్రం మానకండి, ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నట్టే. తలుపు వెడల్పు చేయించమని అడిగాను, చూస్తామన్నారు. మళ్లీ అడుగుతాను.

తిండి విషయానికొస్తే బరా, గుగుని (బఠానీ కూర) తప్పకుండా తినండి. బఠానీ మెత్తగా ఉడికి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలతో వేడివేడిగా ఇస్తారు. ఇడ్లీ మెత్తగా ఉంటుంది, కొబ్బరి చట్నీలో కారం సరిపోతుంది. ఉప్మాలో నూనె ఎక్కువ. పూరీ కూర ఓ రోజు బాగుంటుంది, ఓ రోజు ఉండదు. టీ బాగుంటుంది.

ఆదివారం ఎనిమిది దాటితే జనం పెరుగుతారు, ర్యాంపుకి అడ్డంగా బళ్లు పెట్టేస్తారు. కొంచెం ముందే వెళ్లండి. గోడ పక్క బల్ల దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే కుర్రాడికి చెప్పండి, వాళ్లని వేరే చోటికి మార్చి బెంచీ జరుపుతాడు.