చర్చికి ఫైబర్ డప్పు కొనాలా? వాడకం మీద మా మాట

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు క్వయర్‌కు ఫైబర్ డప్పు కొందామనుకునే సంఘాల కోసం ఇది. ఇనుప చట్రం, దాని మీద ఫైబర్ మూత, చుట్టూ బిగించే నట్లు, ఇంతే సరుకు. కొనేముందు బండమీద బోర్లా పెట్టి చూడండి. ఊగితే చట్రం వంకర ఉన్నట్టే, వదిలేయండి.

దీని పెద్ద లాభం, సెగ చూపే పని లేకపోవడం. తోలు డప్పు గడ్డిమంట సెగకే గొంతు విప్పుతుంది. క్రిస్మస్ కేరల్స్‌కు రాత్రి మంచులో తిరిగితే నాలుగు పాటలకే మళ్లీ జారిపోతుంది. వీధుల్లో తిరగడానికైతే ఫైబర్‌దే మేలు.

చర్చి లోపల మాత్రం జాగ్రత్త. రేకుల కప్పు కింద దాని మోత చెవుల్లో గుచ్చుకుంటుంది, పాటలో మాటలు వినపడవు. మూత లోపలివైపు, అంచుకు రెండు వేళ్ల ఎడంలో, అరచేతంత మెత్తటి గుడ్డను టేపుతో అంటిస్తే గణగణ తగ్గుతుంది. చిన్న చర్చిలో డప్పుకు మైకు అసలే వద్దు.

నట్లు వరుసగా బిగించుకుంటూ పోతే మూత ఒక పక్కకు లాగి ముడత పడుతుంది, ఒక్కో చోట ఒక్కో శ్రుతి పలుకుతుంది. ఒకటి బిగించాక దాని ఎదుటిది బిగించాలి, అదీ పావు చుట్టే. ప్రతి నట్టు దగ్గరా చిటికెన పుల్లతో, అంటే డప్పు వాయించే సన్న పుల్లతో, తట్టి వినాలి.

ఇక దరువు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైనే రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఆది తాళమైతే 8 లెక్కలు, మొదటి లెక్క మీద చిర్ర (లావు పుల్ల) దెబ్బ గట్టిగా పడితే చాలు. ఊరేగింపు దరువు దంచితే పాట ఉరుకుతుంది, ముసలమ్మల గొంతులు వెనకబడిపోతాయి. ఆరాధనలో పాడేది సంఘమంతా కదా!

డప్పు జాతరకూ చావుకూ తప్ప ఆరాధనకు తగదనే పెద్దలు ఇంకా ఉన్నారు. మోషే అక్క మిర్యాము చేతిలోనూ 150వ కీర్తనలోనూ మన బైబిల్ ‘తంబుర’ అంటుంది గానీ, అక్కడి హెబ్రీ మాట తోఫ్. అది తీగల వాద్యం కాదు, చట్రానికి తోలు బిగించిన చేతి డప్పు. మన వాడల వాద్యాన్ని గుమ్మం బయట నిలబెట్టడం అన్యాయం.

గొంతులో మాత్రం తోలుదే పైచేయి. గుండెకు తగిలే ఆ బరువు ఫైబర్‌కు రాదు. వీలుంటే ఊళ్లో డప్పులు చేసేవాళ్ల దగ్గర తోలుది కూడా ఒకటి చేయించండి. ఈస్టర్ నాటికి ఎండలు ముదిరి ఉంటాయి, సెగ పని కూడా తక్కువే.