జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీ సెంటర్: మా పాప థెరపీ అనుభవం

మెడ నిలపని, బోర్లా పడని, పిలిచినా తల తిప్పని పసిపిల్లలున్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ అని ఒక సెంటర్ ఉంటుంది, సత్వర చికిత్స కేంద్రం అని కూడా అంటారు, ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకు తొందరగా వైద్యం మొదలుపెట్టే చోటు, కానీ అలాంటిది ఒకటి ఉందని చాలామందికి తెలియనే తెలియదు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడుస్తుంది, అందరూ ఆర్‌బీఎస్‌కే అంటారు, పైసా కట్టక్కర్లేదు. మా పాపకు ఏడాదికి పైగా అక్కడే థెరపీ చేయిస్తున్నాం కాబట్టి బాగున్నదీ బాగాలేనిదీ రెండూ చెప్తాను. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను.

పాప పుట్టగానే ఏడవలేదు, కొన్ని రోజులు ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డులో, పెట్టారు. నెలలు గడుస్తున్నా మెడ నిలవకపోతే ఇంట్లో పెద్దవాళ్లు "వాళ్ల నాన్న కూడా లేటుగనే నడిచిండు, ఆగు" అన్నారు. మా అంగన్‌వాడీకి ఆర్‌బీఎస్‌కే టీం వచ్చినప్పుడు అందులో ఉన్న డాక్టరమ్మ పాప పిడికిళ్లు చూసింది. బొటనవేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, ఎత్తుకుంటే కాళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుపోతున్నాయి. వెంటనే డీఈఐసీకి రాసిచ్చింది. ఈ టీంలో ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఇట్లా నాలుగు రకాలు చూస్తారు. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండెలో రంధ్రం, వినికిడి లోపం లాంటివన్నీ ఇందులోకి వస్తాయి, ఆపరేషన్ కావాలంటే పెద్ద ఆస్పత్రికి పంపిస్తారు. టీం వచ్చే రోజున ఆయమ్మ కబురు పెడితే పనులున్నాయని ఇంట్లో ఉండిపోకండి, పిల్లను తీసుకెళ్లండి.

సెంటర్‌లో నాకు బాగా నచ్చింది, అన్నీ ఒకే చోట చూడటం. పిల్లల డాక్టరు, ఫిజియో, కళ్లు చూసేవాళ్లు, చెవి పరీక్ష, పళ్లు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటరు, అందరూ ఒకే వరండాలో ఉంటారు. బయట అయితే కళ్లకు ఒక ఊరు, చెవులకు ఇంకో ఊరు తిరగాలి, ప్రతి చోటా మొదటి నుంచి కథ చెప్పుకోవాలి. ఇక్కడ ఒకటే ఫైలు. మాకు కాళ్ల సంగతే తెలుసు, కళ్లలో మెల్ల ఉందని వాళ్లు చూసి చెప్పేదాకా మేము గమనించలేదు.

ఇక ఫిజియో గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ సెంటర్ విలువంతా అక్కడే ఉంది. మొదటి రోజు ఆయన పాపకు ఎక్సర్‌సైజులు చేయిస్తాడని నేను కూర్చుంటే, ముందు నన్ను చాప మీద కూర్చోబెట్టి పాపను ఎట్లా ఎత్తుకుంటున్నానో చూపించమన్నాడు. నేను రెండు చేతుల మీద పడుకోబెట్టి ఎత్తుకున్నాను, పాప వెంటనే విల్లులా వెనక్కి విరుచుకుంది. అట్లా కాదమ్మా, మీ అమ్మ మిమ్మల్ని చంకన ఎట్లా వేసుకుందో అట్లా వేసుకోండి అన్నాడు. కాళ్లు రెండూ నా నడుముకు అటూ ఇటూ విడిపోయేలా, వీపుకు నా చెయ్యి ఆనేలా చంకన పెట్టించాడు. అట్లా ఉంచేసరికి బిగుసుకున్న కాళ్లు మెల్లగా వదులయ్యాయి, తల పైకి లేచింది, పాప ఎదురుగా గోడ మీదున్న బొమ్మల్ని చూసింది. రోజంతా ఎత్తుకు తిరిగేది అమ్మే కాబట్టి ఆ ఎత్తుకోవడం కూడా వైద్యమేనని ఆయన చెప్పినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

తినిపించడం కూడా అక్కడే మార్పించారు. మా అత్తమ్మ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసేది, పాప ప్రతిసారీ పొలమారేది, తరచూ దగ్గు, జలుబు. ఇలాంటి పిల్లలకు పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుందట, అందుకే నిటారుగా కూర్చోబెట్టి, గదవ కొంచెం కిందికి ఉండేలా పట్టుకుని, చిన్న చెంచాతో చిక్కటి జావ పెట్టమన్నారు. నూనె రాసి కాళ్లు గట్టిగా లాగడం పూర్తిగా మానేయమన్నారు, లాగితే ఇంకా బిగుస్తాయి. దుప్పటి చుట్ట చుట్టి ఛాతీ కింద పెట్టి బోర్లా పడుకోబెట్టడం, గోడ మూలలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టడం, అన్నీ ఇంట్లో ఉన్న వాటితోనే. అత్తమ్మను కూడా ఒకసారి వెంట తీసుకెళ్లాను, ఆమెకు విడిగా కూర్చోబెట్టి చూపించారు, ఆ తర్వాత ఇంట్లో వాదన లేదు. ఇప్పుడు పాప మెడ నిలుపుతుంది, ఆసరా ఇస్తే కూర్చుంటుంది. నడుస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు, లేనిపోని ఆశ పెట్టకపోవడం కూడా నాకు నచ్చింది.

ఒక మార్కు తగ్గించింది స్పీచ్ థెరపీ కోసం. మేము వెళ్లేసరికే ఆ పోస్టు ఖాళీ, నెలలు గడిచినా ఎవరూ రాలేదు. మాటలు రావాల్సిన వయసు పిల్లలు అంతమంది వరండాలో కూర్చుంటే గదికి తాళం వేసి ఉండటం చూస్తే కడుపు రగిలిపోతుంది. మూడేళ్ల లోపు జరిగే ఆలస్యాన్ని తర్వాత పూడ్చుకోవడం చాలా కష్టం, ఇది ఆ సెంటర్ గోడ మీదే రాసి ఉంది, మరి పోస్టు నింపాల్సిన వాళ్లకు కనపడదా? పిల్లల డాక్టరు కూడా వార్డు, ఓపీ చూసుకుని వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, అప్పటికి పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోతారు, నిద్రలో ఉన్న పిల్లకు ఏ పరీక్ష చేస్తారు. గుడ్డలు మార్చడానికి చోటు లేదు. సిబ్బంది మీద నాకు కోపం లేదు, ఉన్నవాళ్లు ఓపిగ్గా చేస్తున్నారు, మనుషులే సరిపోవడం లేదు.

ప్రైవేటులో మాకు సెషన్‌కు నాలుగైదు వందలు అడిగారు, వారానికి మూడు నాలుగు సెషన్లు అంటే కూలి పని చేసుకునే ఇంటికి అయ్యే పని కాదు. డీఈఐసీ ఉచితమే గానీ రావడం పోవడం ఉచితం కాదు, ఆ రోజు కూలి పోతుంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక ఆ ఖర్చు మాత్రం తగ్గింది, మాతో పాటు థెరపీకి వచ్చే తల్లుల్లో చాలామంది ఆ బస్సు లేకపోతే మధ్యలోనే మానేసేవాళ్లమని చెప్తారు.

సర్టిఫికెట్ విషయం కూడా చెప్పాలి. థెరపీకి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ కాగితం) అక్కర్లేదు, అది వచ్చాక వెళ్దామని ఆగకండి. కానీ పెన్షన్‌కు కావాలి, వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు, పిల్లలకు కూడా వస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లకు గుర్తింపు కార్డు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. చిన్నపిల్లలకు ఎక్కువగా తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు, గడువు తేదీ చూసి రాసిపెట్టుకోండి, లేకపోతే ఒక నెల పెన్షన్ ఆగాక గానీ తెలియదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లు చేతుల కదలిక సరిగ్గా లేకపోవడం), ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. దీని గురించి నాకు సెంటర్‌లో ఎవరూ చెప్పలేదు, పక్కన కూర్చున్న ఇంకో తల్లి చెప్పింది. ప్రత్యేక కుర్చీలు, కాళ్లు వంకర పోకుండా కట్టే స్ప్లింట్లు అలింకో (వైకల్యం ఉన్నవాళ్లకు పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు, కొలతలు తీసుకుంటారు కాబట్టి పిల్లను వెంట తీసుకెళ్లాలి.

హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్లకైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, 1984 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పనిచేస్తుంది. అక్కడ కూడా పసిపిల్లల కోసం ప్రత్యేక సెంటర్ ఉంది, 2021లో మొదలైంది.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, టీకాల కార్డు, ఆధార్, ఇంకో జత బట్టలు, పాపకు ఇష్టమైన ఒక బొమ్మ తీసుకెళ్లండి, తెలిసిన బొమ్మ చేతిలో ఉంటే పరీక్షకు పిల్లలు త్వరగా సర్దుకుంటారు. ఇంట్లో పాప ఏం చేస్తుందో, ఏం చేయలేకపోతుందో ఫోన్‌లో వీడియో తీసుకోండి, డాక్టరు ముందు పిల్లలు చేయరు, వీడియో చూపిస్తే వాళ్లకు అర్థమవుతుంది. డీఈఐసీలో ముఖ్యంగా ఆరేళ్ల లోపు పిల్లల్నే చూస్తారు, ఆ తర్వాత బడి, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం చూసుకోవాలి. అక్కడికి మారే ముందు ఆ ఫైలు మొత్తం జిరాక్స్ తీయించుకోండి, ఒరిజినల్ ఆస్పత్రిలోనే ఉండిపోతుంది.