కడప బండ సమాధులకు బీకేసీ మందు: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

సమాధి రాళ్ల మీద పట్టే నల్లపాచి, నాచు, బూడిద రంగు మచ్చల్లా అతుక్కునే లైకెన్లు పోవడానికి నేను వాడుతున్నది బెంజాల్కోనియం క్లోరైడ్. అంగట్లో బీకేసీ అంటేనే ఇస్తారు. నెల్లూరు వైపు రొయ్యల చెరువులవాళ్లకూ కోళ్ల ఫారాలవాళ్లకూ ఇది బాగా తెలిసిన మందు. కడపలో మా చర్చి సంఘం సమాధుల తోటలో, జమ్మలమడుగు దగ్గర మా పొలంలో ఉన్న పెద్దల సమాధుల మీద కొన్నేళ్లుగా ఇదే చల్లుతున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. మందు మంచిది, పని నిదానం. ఈ రోజు చల్లితే రేపటికి రాయి మెరవాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. పేరు, తేదీ, వాక్యం ఇంకో రెండు తరాలు చదివేలా ఉండాలనుకునేవాళ్లకు మాత్రం మన జిల్లాలో దొరికే వాటిలో ఇంతకన్నా మేలైంది నాకు కనబడలేదు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం మన రాయే. కడప బండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ, పేరు ఏదైనా అది సున్నపురాయి. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ సున్నపురాయి కోసమే. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుసమని నురగ వస్తుంది. మురికి పోతోందని చూసేవాళ్లు సంతోషపడతారు గానీ ఆ నురగ మురికిది కాదు, రాయి కరిగి బొగ్గుపులుసు వాయువుగా పోతున్న నురగ. బాత్రూములు కడిగే యాసిడ్‌తో పాచి నిమిషాల్లో పోతుంది, దానితోపాటే పాలిష్ పోతుంది, అక్షరాల అంచులు పోతాయి. మా తోటలో ఒక కుటుంబం సమాధుల పండుగ ముందు రోజు కూలి మనిషిని పెట్టి తల్లి సమాధి మీద యాసిడ్ పోయించింది. నిగనిగలాడే నల్లబండ ఆ సాయంత్రానికే బూడిద రంగుకు తిరిగింది. మరుసటి వానాకాలానికి పాచి మళ్లీ వచ్చింది, పక్క సమాధుల కన్నా ముందే, వాటికన్నా చిక్కగా. గరుకెక్కిన రాతి మీద దుమ్మూ తేమా ఎక్కువగా నిలుస్తాయి, పాచికి కావలసింది అదే. ఆమె పుట్టిన సంవత్సరం ఇప్పుడు చేత్తో తడిమి చదవాల్సిందే. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది, ఎందుకంటే పోయిన అక్షరం ఇక రాదు. మళ్లీ చెక్కించవచ్చు, కానీ అది వేరే చేతి అక్షరం.

బ్లీచు కూడా వద్దు. తెల్లగా చేస్తుంది, నిజమే. కానీ దాని ఉప్పు రాతి రంధ్రాల్లోకి దిగి, ఆరినప్పుడల్లా లోపల స్ఫటికాలు కట్టి పైపొరను పొట్టులా లేపుతుంది. కడప బండ అసలే పొరలుపొరలుగా ఏర్పడిన రాయి, దానికి ఈ బాధ ఎందుకు? అమెరికాలో సైనికుల సమాధుల మీద వాడే డీ/2 అనే ద్రావణంలో పనిచేసేది కూడా బీకేసీ కుటుంబానికి చెందిన రసాయనాలే. అక్కడ నేషనల్ పార్క్ సర్వీసుకు చెందిన పరిరక్షణ కేంద్రం ఇలాంటి మందులను పరీక్షించింది, బ్లీచు వద్దంటుంది. ఆ డబ్బా ఇక్కడికి తెప్పించుకోవడం మన తాహతుకు మించిన పని. అందుకే బీకేసీ వైపు వచ్చాను.

కొనేటప్పుడు డబ్బా మీద శాతం చూడండి. 50 శాతం, 80 శాతం రెండూ అమ్ముతారు. నేను మామూలు పాచికి ఒక శాతం, మొండి లైకెన్లకు రెండు శాతం వచ్చేలా కలుపుతాను. అంటే 50 శాతం మందైతే లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు, గట్టిగా కావాలంటే 40. 80 శాతం మందు 25 మిల్లీలీటర్లు వేస్తే రెండు శాతం అవుతుంది. లీటరు 50 శాతం డబ్బా ఒక శాతం చొప్పున 50 లీటర్ల ద్రావణమవుతుంది, చిన్న తోటకు అది చాలా ఎక్కువ. నేల తుడిచే కొన్ని ద్రవాల్లోనూ ఇదే మందు ఉంటుంది, కానీ వాటిలో రంగూ వాసనా కలుపుతారు. అవి రాతికి ఎందుకు పట్టించాలి? రంగూ వాసనా కలపని మందే అడిగి తీసుకోండి.

నీళ్ల సంగతి ఇక్కడ చెప్పకపోతే మన ప్రాంతంవాళ్లకు ఈ సమీక్ష సగమే. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కఠినజలంలో బీకేసీ బలం తగ్గుతుంది. కలపడానికి వాననీళ్లో, ఇంటికి వేయించుకునే ఇరవై లీటర్ల క్యాను నీళ్లో వాడితే తేడా కంటికి కనిపిస్తుంది. రాయి ముందుగా కడగడానికి బోరు నీళ్లు చాలు, పాలిష్ బండకు చివరి కడుగు మాత్రం క్యాను నీళ్లతో పోయండి, లేకపోతే ఆరాక తెల్ల చారలు నిలుస్తాయి. ఇంకొకటి: సబ్బు, సర్ఫు తగలనివ్వొద్దు. బీకేసీ అణువు ధనావేశం ఉన్నది. పాచి కణాల పొరల మీది రుణావేశానికి అతుక్కుని ఆ పొరను చీల్చడమే అది చేసే పని. సబ్బు కూడా రుణావేశమే కాబట్టి మందు వెళ్లి సబ్బుతో జతకట్టి అక్కడే చచ్చుబడుతుంది. సర్ఫు నీళ్లతో తోమి దాని మీదే ఈ మందు కొట్టి, పనిచేయలేదని డబ్బా పారేసినవాళ్లను చూశాను.

నా పద్ధతి ఇది. మొదట రాతిని వేలి కణుపుతో తట్టి చూస్తాను. బోలుగా మోగినా, అంచుల్లో పొర లేచినా బ్రష్ ముట్టుకోను. అలాంటి రాతికి మందు చల్లి వదిలేయడమే. గట్టి రాయైతే నీళ్లతో బాగా తడుపుతాను, కింది నుంచి పైకి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు పొడి రాతి మీద కారి చారలు పడతాయి. మందంగా పేరుకున్న నాచును వెదురు బద్దతో నెమ్మదిగా గీకుతాను. ఇనుప బ్రష్, కొడవలి మొన, కార్లు కడిగే ప్రెషర్ గన్ అసలు వద్దు. తరువాత మందు, చేతి స్ప్రేయర్‌తో, రాయంతా తడిసేదాకా. ఆ స్ప్రేయర్ కొత్తది కొనండి, చేనుకు కలుపుమందు కొట్టింది తేవద్దు. పావుగంట తడిగానే ఉండనిచ్చి మెత్తటి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా తోమి, కడిగి, చివరగా పలచగా ఇంకోసారి చల్లి కడగకుండా వచ్చేస్తాను. ఫలితం ఇచ్చేది ఆ చివరిసారి చల్లడమే. మా తోట చూసుకునే పెద్దాయన మొదట్లో, "ఏం మేడమ్, మందు కొట్టి కడగకుండానే పోతాండారే!" అనేవాడు. "కడిగే పని వానకు వదిలేద్దాంలే పెద్దాయనా" అనేదాన్ని.

వదిలేశాక ఏం జరుగుతుందో ఓపికగా చూడాలి. ఆకుపచ్చ పాచి కొద్ది రోజుల్లోనే గోధుమ రంగుకు తిరిగి రాలుతుంది. నల్లపొర వారాల మీద పలచబడుతుంది. లైకెన్లే మొండివి. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, కానీ సమాధుల మీద నాకు తల నొప్పి తెచ్చేవి దానిలా ఆకుల్లా లేచేవి కావు, రాతిలోకి వేళ్లూని పెయింటు చుక్కల్లా కనిపించేవి. వాటికి మందు తగిలాక రంగు మారుతుంది, చచ్చినట్టు తెలుస్తుంది, అయినా రాతిని వదలడానికి ఒక వానాకాలం గడవాలి. బలవంతంగా గీకితే దానితో రాతి పొడి కూడా వస్తుంది. మా జేజి సమాధి తలాపున ఉన్న పాలిష్ చేయని బండ మీద అరచేయంత మచ్చ ఉండేది. దాన్ని గీకలేదు. రెండు వానాకాలాలు పోయాక తనంతట తాను ఊడింది, కింద "యెహోవా నా కాపరి" అన్న వాక్యంలో "కా" పూర్తిగా నిలిచి ఉంది.

ఎప్పుడు చల్లాలన్నది ఈ మందు విషయంలో సగం విజయం. నవంబరు 2 సమాధుల పండుగ. అందరూ అక్టోబరు చివరి వారంలో బకెట్లూ చీపుర్లూ పట్టుకుని తోటకు వస్తారు. బీకేసీకి ఆ వారం సరిపోదు. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో చల్లితే పండుగ నాటికి రాయి తేటపడుతుంది. నాచు, లైకెన్లు తడిసి బతికి ఉన్నప్పుడే మందును పీల్చుకుంటాయి. మన మే నెల ఎండలో ఎండిపోయి ముడుచుకున్నప్పుడు చల్లితే మందు రాతి మీదే ఆరిపోతుంది. ఎండ దిగాక సాయంత్రం చల్లడం, ఆ రాత్రి వాన లేకుండా చూసుకోవడం మంచిది. 2021 నవంబరు వానలకు మా తోట రోజుల తరబడి తడిసి, ఆ తరువాత రాళ్లన్నీ పచ్చబడ్డాయి. అలాంటి ఏడాది సంక్రాంతి తరువాత ఇంకోసారి చల్లాల్సి వస్తుంది. మామూలు ఏళ్లలో ఏడాదికొకసారి చాలు, నీడ లేని చోట రెండేళ్లకొకసారైనా సరిపోతుంది. వేపచెట్టు కింద ఉన్న వరస మాత్రం ప్రతి ఏడూ అడుగుతుంది.

సున్నం గచ్చుతో కట్టిన పాత సమాధుల మీద ఇది చాలా బాగా పనిచేసింది, ఒక శాతం ద్రావణం, బ్రష్ లేకుండా. గచ్చు మెత్తన, తోమితే ఇసుకలా రాలుతుంది. వాటి మీద ఆయిల్ పెయింటు పూయడం చూస్తే బాధేస్తుంది. పెయింటు తేమను లోపల బంధించి గచ్చును పెచ్చులుగా ఊడదీస్తుంది. సున్నం కొట్టుకోండి, మన పెద్దలు చేసిందదే, అది గాలి పీలుస్తుంది. చరిత్రకెక్కిన సమాధుల జోలికి మాత్రం మన సొంత మందులతో వెళ్లకూడదు. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది గుత్తిలో. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. అలాంటి చోట్ల ఎంత పాచి కనిపించినా అధికారులకు చెప్పాలే గానీ స్ప్రేయర్ ఎత్తకూడదు.

గ్రానైటు మీద పని సులువు. రాయి గట్టిది, పాచి పైపైనే ఉంటుంది. పాలరాతి మీద కడప బండకు పడినంత జాగ్రత్తే పడాలి, అదీ సున్నపు జాతిదే.

ఇప్పుడు లోపాలు. ఇది ప్రాణమున్న మరకలకే మందు. ఇనుప సిలువ నుంచి కారిన తుప్పు మరక మీద ఏ మార్పూ తేలేదు. తుప్పుకు వాడే యాసిడ్ పొడులు మన బండను తింటాయి కాబట్టి ఆ మరకతో బతకడమే నేను ఎంచుకున్న దారి. సిలువకు తుప్పు పట్టని రంగు వేయించాను, మరక పెరగడం ఆగింది. కొవ్వొత్తి మైనం దీనికి కరగదు. గట్టిపడ్డాక వెదురు బద్దతో లేపాలి. పొలాల్లోని సమాధుల మీద దీపాల నూనె ఇంకిన నల్ల మరకలు కూడా పోలేదు. అన్నింటికన్నా ఎక్కువ మంది నన్నడిగేది నల్లబండ మళ్లీ నల్లగా అవుతుందా అని. కాదు. ఎండకూ వానకూ పాలిష్ పోయి బూడిదబారిన బండ మీద ఉన్నది మురికి కాదు, రాయే అలా మారింది. కొబ్బరినూనె, అవిసెనూనె రుద్దితే నాలుగు రోజులు నల్లగా కనిపించి ఆ జిడ్డుకు దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది. మళ్లీ పాలిష్ పట్టిస్తే రాయి తరుగుతుంది, లోతు తక్కువ ఉన్న అక్షరాలు చెరిగిపోతాయి.

మందును తేలిగ్గా తీసుకోవద్దు. చిక్కటిది చర్మాన్ని మండిస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు. చేపలకు ఇది విషం. మా పొలంలో సమాధుల పక్కనే కుంట ఉంది, అందుకే అటువైపు కారకుండా మట్టితో చిన్న గట్టు వేసి చల్లుతాను, స్ప్రేయర్ కుంటలో ఎప్పుడూ కడగను. కలిపిన ద్రావణాన్ని నీళ్ల బాటిళ్లలో పోసి ఇవ్వమని తోటలో చాలామంది అడుగుతారు. ఇవ్వను. పండుగకు పిల్లలు కూడా వస్తారు, దాహమేస్తే చేతికందిన బాటిల్ ఎత్తుతారు. ఎవరికి కావాలన్నా వాళ్ల వరసకు నేనే వచ్చి చల్లి వెళ్తాను, సెప్టెంబరులోపు చెబితే.