నల్ల కారుకు మెషిన్ పాలిష్ చేయిస్తున్నారా? విజయవాడ, గుంటూరు వాళ్లు తాళాలు ఇచ్చేముందు ఇది చదవండి

నల్ల కారు ఉన్నవాళ్లందరికీ ముందే చెప్పేస్తున్నాను. పెయింటు మందం గేజ్ పెట్టి కొలవకుండా, ఒక చిన్న చోట పాలిష్ చేసి మీకు ఎండలో చూపించకుండా ఎవరైనా బఫింగ్ మెషిన్ ఆన్ చేయబోతే, తాళాలు తీసుకుని వచ్చేయండి. ఆఫర్ ఎంత బాగున్నా సరే. నా కారు డిక్కీ అంచున క్లియర్ కోటు (రంగు మీద ఉండే రంగులేని పొర) పోయింది, దాని కింద నలుపు పోయింది, రంగు కంటే ముందు వేసే బూడిదరంగు ప్రైమర్ బయటపడింది. ఇక దాన్ని ఏ పాలిషూ బాగుచేయలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు తెలిసినా మీకు పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను ఎలా గుర్తుపట్టాలో తెలియడం ముఖ్యం.

మాది కంపెనీ పెయింటు మీదే ఉన్న నల్ల సెడాన్. యాక్సిడెంట్ లేదు, ఎక్కడా రీపెయింట్ లేదు. మన విజయవాడలో నల్ల కారును నల్లగా ఉంచడం ఎంత కష్టమో ఉన్నవాళ్లకు తెలుసు. రోడ్డు దుమ్ము ఒకటి, బోరు నీళ్లు ఆరిపోయాక మిగిలే తెల్లటి మరకలు ఇంకొకటి. వాటర్ వాష్‌లో అయితే ఒకే గుడ్డతో టైర్లూ బోనెట్టూ కలిపి తుడిచేస్తారు. ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుక రేణువులతోనే పెయింటు మీద సన్నటి గుండ్రటి గీతలు పడతాయి. వాటినే స్విర్ల్ మార్కులు అంటారు. తెల్ల కారు మీద కూడా అవే గీతలు ఉంటాయి, కానీ తెలుపులో కలిసిపోతాయి. నలుపు మీద పడిన ప్రతి గీతా వెలుతురును చెదరగొట్టి మెరుస్తుంది, కాబట్టి ఎండలో మొత్తం బయటపడిపోతుంది.

తమ్ముడి పెళ్లికి పెళ్లికొడుకు కారుగా ఇదే వెళ్లాలని ఇంట్లో అనుకున్నాం. అందుకే మొదటిసారి మెషిన్ పాలిష్‌కి ఇచ్చాను. పెద్ద గ్లాసు డోర్లు, లోపల వరసగా ఎల్ఈడీ లైట్లు, గోడ మీద విదేశీ కంపెనీల స్టిక్కర్లు ఉన్న షాపు. "మూడు స్టేజీల కరెక్షన్ సార్, షోరూమ్ నుంచి వచ్చినప్పటికంటే బాగుంటుంది" అన్నాడు ఓనరు. మందం కొలుస్తారా అని అడిగాను. "మా వాళ్లకు చేత్తో తడిమితేనే తెలిసిపోతుంది సార్, పదేళ్ల అనుభవం" అన్నాడు. ఏ మెషిన్ వాడతారని అడిగితే ఇంపోర్టెడ్ అన్నాడు. రోటరీనా, డీఏనా (ఈ రెండు రకాల తేడా కింద చెప్తాను) అని మళ్లీ అడిగితే, "రెండూ ఉన్నాయి సార్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. రేటు 6,500 రూపాయలు.

సాయంత్రం చీకటి పడ్డాక కారు అప్పజెప్పారు. ఆ లైట్ల కింద నిజంగానే అద్దంలా ఉంది. మర్నాడు పెళ్లి పనుల మీద గుంటూరు బయల్దేరాం. వారధి దాటి, మంగళగిరి దాటి, కాజ టోల్‌గేటు తర్వాత టీ తాగడానికి ఆగాం. మిట్టమధ్యాహ్నం ఎండ. గ్లాసు పట్టుకుని కారు వైపు తిరిగి చూస్తే బోనెట్ మీద వంకర్లు తిరుగుతూ వెడల్పాటి నీడల్లాంటి చారలు కనిపించాయి. నేను అటూ ఇటూ నడుస్తుంటే అవి కూడా నాతోపాటు కదులుతున్నాయి. మెషిన్ ఏ దారిలో తిరిగిందో మొత్తం తెలిసిపోతోంది. వీటిని హోలోగ్రామ్స్ అంటారని తర్వాత తెలిసింది.

డిక్కీ దగ్గరికి వెళ్లాక గుండె జారిపోయింది. నంబర్ ప్లేటు పైన బాడీ మడత తిరిగే చోట, బియ్యపు గింజ వెడల్పున, చిటికెన వేలంత పొడవున ఒక మచ్చ. ముందు అది ఎండిపోయిన కంపౌండ్ (పెయింటును అరగదీయడానికి మెషిన్ ప్యాడ్ మీద పెట్టే పేస్టు) అనుకుని గోటితో గీకి చూశాను, రాలేదు. తడి గుడ్డతో తుడిచాను, పోలేదు. చుట్టూ మెరుపు, మధ్యలో మాత్రం సుద్దలాగా మెరుపు లేని బూడిదరంగు. బీడింగ్ రబ్బర్ల సందుల్లో, వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి కంపౌండ్ అలాగే గడ్డకట్టి ఉంది. అంటే మెషిన్ పెట్టేముందు కనీసం టేపు కూడా వేయలేదన్నమాట.

ఇంతకీ మెషిన్ పాలిష్ అంటే ఏం చేస్తారో ఒక్కసారి చెప్పాలి. చాలామంది దీన్ని పైన ఏదో పూసే పని అనుకుంటారు. కాదు, పైనుంచి కొంత తీసేసే పని. కారు పెయింటులో ముందు ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగు లేని క్లియర్ కోటు ఉంటాయి. కంపెనీ పెయింటు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 35 నుంచి 50. మన తల వెంట్రుక కంటే పలచన. గీత పోవాలంటే ఆ గీత లోతు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీయాలి. జాగ్రత్తగా చేస్తే పోయేది కొద్ది మైక్రాన్లే, దానివల్ల ఇబ్బంది లేదు. కానీ ఎండలోని అతినీల లోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది కూడా ఆ క్లియర్ కోటే. ఒకసారి పోయింది మళ్లీ రాదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ కోటు పలచబడితే కారు పైభాగాలు తొందరగా వెలిసిపోతాయి, కొన్నేళ్లకు పొరలు పొరలుగా లేచిపోతాయి.

మెషిన్లలో ముఖ్యంగా రెండు రకాలు. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. ఒకే చోట రెండు క్షణాలు ఎక్కువ ఆపినా వేడెక్కిపోతుంది. చేయి తిరిగినవాడి దగ్గర అది గొప్ప పనిముట్టే, ఆటోనగర్‌లో దానితో అద్భుతంగా పని చేసే పెయింటర్లు ఉన్నారు. డ్యూయల్ యాక్షన్, అంటే డీఏ మెషిన్లో ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు కూడా ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది. అందుకే కొత్తవాళ్ల చేతిలో అదే మేలు. అంచులు, మడతలు ఉన్న చోట కోటు మామూలుగానే పలచగా ఉంటుంది, పైగా ప్యాడ్ ఒత్తిడంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది. అక్కడ ఉన్ని ప్యాడ్ పెట్టి రోటరీ నొక్కితే కోటు కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ప్లాస్టిక్ బంపర్లయితే ఇంకా ప్రమాదం, ఇనుప రేకులాగా అవి వేడిని పక్కలకు పంచవు.

మరి ఆ సాయంత్రం కారు అంత బాగా ఎలా కనిపించింది? చాలా కంపౌండ్లలో, మెరుపు కోసం పూసే గ్లేజుల్లో నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి. అవి గీతల్లోకి చేరి తాత్కాలికంగా కప్పేస్తాయి. నాలుగు వాష్‌లు పడితే అవి పోతాయి, గీతలు తేలతాయి. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే నూనెలు పోయి అసలు పెయింటు కనిపిస్తుంది. షాపుల్లో ఐపీఏ వైప్ అంటారు. నిజాయితీగా పని చేసేవాళ్లు మీరు అడగకముందే అది చేసి చూపిస్తారు. ఆ తర్వాత కారును నీడలోంచి ఎండలోకి తెచ్చి చూడాలి, రాత్రయితే సెల్‌ఫోన్ టార్చి దగ్గరగా పెట్టి చూడాలి. ట్యూబ్‌లైట్ల వెలుతురు అన్ని వైపులా పరుచుకుంటుంది, అందులో గీతలు కనపడవు.

గుంటూరులో మా బావ సెకండ్ హ్యాండ్ కార్లు కొని అమ్ముతాడు, అతని దగ్గర గేజ్ ఉంది. టాప్ మీద పెడితే 121 మైక్రాన్లు. అక్కడ అసలు మెషిన్ పెట్టినట్టే లేదు, పాత గీతలన్నీ అలాగే ఉన్నాయి. డిక్కీ మీద, ఆ మచ్చకు వేలెడు దూరంలో, 84. "ఇది పాలిష్‌తో సరిదిద్దేది కాదు బావా, డిక్కీ మొత్తం పెయింటు పడాల్సిందే" అన్నాడు. గేజ్ మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ కోటు ఎంతో విడిగా చెప్పదు. మామూలు గేజ్ ప్లాస్టిక్ బంపర్ల మీద పని చేయదు. అయినా ఏ ప్యానెల్‌లో ఎంత తేడా ఉందో ముందే తెలిస్తే ఎక్కడ చేయి ఆపాలో తెలుస్తుంది. అన్ని చోట్లా 120 ఉండి ఒక డోరు మీద మాత్రం 250 వస్తే ఆ డోరుకు మళ్లీ పెయింటు పడిందని అర్థం. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు కూడా పనికొచ్చే సంగతి ఇది.

షాపుకి తిరిగి వెళ్లాను. ఓనరు మచ్చ చూసి, "ఇది ముందు నుంచే ఉంది సార్" అన్నాడు. ఇచ్చేముందు నేను కారు చుట్టూ తిరిగి తీసిన వీడియోలో డిక్కీ శుభ్రంగా కనిపిస్తోంది. అది చూపించాక మాట మార్చాడు. హోలోగ్రామ్స్ గురించి అడిగితే, "నల్ల కార్లన్నీ ఎండలో ఇలాగే ఉంటాయి" అన్నాడు. చివరికి, సిరామిక్ కోటింగ్ వేయిస్తే కనపడవు, మీకోసం 18,000కే చేస్తాను అన్నాడు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాటే. సిరామిక్ కోటింగ్ పారదర్శకమైన పొర. కింద ఉన్న గీతల్ని దాచదు, వాటి మీద మూత పెట్టి బిగిస్తుంది. తర్వాత సరిచేయాలంటే ముందు ఆ కోటింగే అరగదీయాలి, అంటే మళ్లీ మెషిన్, మళ్లీ ఖర్చు. తాను పాడుచేసిన పని మీద ఇంకో పని అమ్మజూపడం ఏం న్యాయం?

అక్కడ పని చేసే కుర్రాడు బయటికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు: "అన్నా, నేను కొత్తగా చేరాను. అప్పటిదాకా వాషింగే. మెషిన్ పట్టుకోవడం మీ కారుతోనే మొదలు." అతని మీద నాకు కోపం లేదు. స్క్రాప్ బోనెట్ తెచ్చి దాని మీద నేర్పించాల్సింది ఓనరు. పైసా ఖర్చు లేకుండా కస్టమర్ నల్ల కారు మీద నేర్పించాడు. ప్యాడ్ మీద నల్ల మరకలు వచ్చాయని, ఓనరుకు చెబితే మురికి అన్నాడని కూడా ఆ కుర్రాడే చెప్పాడు. ఈ ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. క్లియర్ కోటు ఉన్న కారు మీద పాలిష్ చేసేటప్పుడు ప్యాడ్‌కి అంటేది తెల్లటి పొడే. నలుపు అంటుకుందంటే కోటు దాటి రంగులోకి వెళ్లిపోయారని. అక్కడితో ఆపేయాలి. క్లియర్ కోటు లేని పాత కార్లకైతే రంగు అంటడం మామూలే, ఈ రోజుల్లో కార్లు దాదాపు అన్నీ క్లియర్ కోటువే.

తర్వాత ఆటోనగర్‌లో ఇద్దరు ముగ్గురు పెయింటర్లకు చూపించాను. పెద్దాయన ఒకరు చాలాసేపు వంగి చూసి, బోనెట్ సంగతి వేరు, డిక్కీ సంగతి వేరు అని విడదీసి చెప్పారు. హోలోగ్రామ్స్‌ని ఫోమ్ ప్యాడ్, సన్నరకం పాలిష్ పెట్టి డీఏతో నిదానంగా తీయొచ్చు, ఇంకా కాస్త కోటు పోతుంది గానీ తట్టుకుంటుంది. డిక్కీకి మాత్రం పూర్తి పెయింటే. కంపెనీ పెయింటు ఉన్న కారులో ఒక ప్యానెల్ బయట వేయిస్తే రేపు అమ్మేటప్పుడు గేజ్ పెట్టిన ప్రతివాడూ యాక్సిడెంట్ బండి అంటాడు. ఆ నష్టాన్ని ఎవరు కట్టిస్తారు?

చేయించాలనుకునేవాళ్లు ఎండాకాలంలో అయితే పొద్దున్నే, కారు చల్లగా ఉన్నప్పుడు, షెడ్డులో చేయించండి. వేడి రేకు మీద కంపౌండ్ వెంటనే ఆరిపోయి తానే గీతలు పెడుతుంది. ముందు బాగా కడిగి, క్లే బార్‌తో, అంటే మెత్తటి మట్టిముద్ద లాంటి దానితో, అంటుకున్న మురికి తీసి, అంచులకు, బీడింగ్‌కు టేపు వేశాకే మెషిన్ రావాలి. మొదట ఒక జానెడు చోట, అన్నిటికంటే మెత్తటి ప్యాడ్‌తో, తేలికపాటి పాలిష్‌తో చేసి ఐపీఏతో తుడిచి చూపించమనండి. దానితో పని జరిగితే గట్టి కంపౌండ్ జోలికి పోనక్కర్లేదు. లోతుగా, గోరు తగిలే గీతల్ని వదిలేయమని మీరే చెప్పండి. నూటికి నూరు శాతం గీతలు తీసేస్తాం అని ఎవరైనా అంటే అక్కడ నాకు భయం వేస్తుంది. కొన్ని గీతలతో బతికే కారు, కోటు లేని కారు కంటే వెయ్యి రెట్లు నయం. మరీ అవసరం లేకపోతే అసలు చేయించకండి. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి, ఇంట్లోనే కడుక్కుంటే కొత్త గీతలు చాలావరకు పడవు.

నాకు బిల్లు ఇవ్వలేదు. ప్రింటర్ పాడైంది, వాట్సాప్‌లో పంపిస్తాం అన్నారు, పంపలేదు. యూపీఐ చెల్లింపు వివరాలు, ముందు తీసిన వీడియో, తర్వాత ఎండలో తీసిన ఫొటోలు, ఓనరుతో వాట్సాప్ మాటలు, ఇవన్నీ పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సమస్య జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చేసుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

డిక్కీకి ఇంకా పెయింటు వేయించలేదు, ఫిర్యాదు తేలేదాకా సాక్ష్యంగా అలాగే ఉంచాను. తుప్పు పట్టకుండా ఆటోనగర్ పెద్దాయన చెప్పినట్టు మచ్చ మీద టచప్ పెయింటు మాత్రం సన్నగా అద్దాను, ముందు ఫొటోలు తీసుకున్నాకే. విజయవాడలో గానీ గుంటూరులో గానీ మందం కొలిచి, కొలతలు కాగితం మీద రాసిచ్చి, డీఏతో నిదానంగా చేసేవాళ్లు మీకు స్వయంగా తెలిస్తే చెప్పండి. బోనెట్ మీద హోలోగ్రామ్స్ తీయించాలి.