దవడ నొప్పికి బొటాక్స్: మూడేళ్ళలో ఐదుసార్లు వేయించుకున్నాక

2022లో పొద్దున కళ్ళు తెరవగానే నాకు ముందు తెలిసేది దవడే. చెవి ముందు నుంచి కణత దాకా పట్టేసినట్టు ఉండేది. పళ్ళు తోముకుందామని నోరు తెరిస్తే కుడివైపు టప్‌మని శబ్దం. నేను బెంగళూరులో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. రోజుకి ఆరు పీరియడ్లు. నాలుగో పీరియడ్‌కి కణతల్లో మొదలైన నొప్పి సాయంత్రానికి తలంతా ఎక్కేది. చెవి డాక్టర్‌కి చూపించుకుంటే చెవి బాగుందన్నారు. కళ్ళద్దాలు మార్చాను, లాభం లేదు.

అసలు సంగతి మా ఆయన కనిపెట్టారు. రాత్రి నిద్రలో నేను పళ్ళు కొరుకుతున్నానట. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించారు. గచ్చు మీద రాయి ఈడ్చినట్టుంది ఆ శబ్దం. అమ్మకు ఫోన్ చేసి చెప్తే, "కడుపులో నులిపురుగులుంటే అట్లే కొరుకుతారు, మాత్ర వేసుకో" అంది. మా హిందూపురం వైపు పిల్లలు పళ్ళు కొరికితే ఎవరైనా అనే మొదటి మాట అదే. వేసుకున్నాను, ఏమీ మారలేదు.

పంటి డాక్టర్ ఒకామె నన్ను ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్ దగ్గరికి, అంటే నోటికి, దవడకి ఆపరేషన్లు చేసే డాక్టర్ దగ్గరికి, పంపారు. ఆయన ముందు చేసిన పని నా మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమనడం. రెండే పట్టాయి. తర్వాత రెండు బుగ్గల మీదా వేళ్ళు ఆనించి గట్టిగా కొరకమన్నారు. కండరం నిమ్మకాయంత గట్టిగా పైకి లేచింది. ఆయన వేలు నొక్కిన చోట నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" అని అడిగారు. అదే. ఎమ్మారైలో కుడి దవడ కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ముందుకి జారి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ చోటికి వస్తోందని తేలింది. టప్‌మనేది అదే. "శబ్దం కీలుది, నొప్పి ఎక్కువగా కండరానిది. బొటాక్స్ ఇంజెక్షన్ కండరానికే పనిచేస్తుంది, డిస్క్‌ని సర్దదు" అని ముందే చెప్పారు. దవడ నొప్పి అని బొటాక్స్‌కి పరుగెత్తేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఈ తేడానే. నొప్పి కీలుదే అయితే ఇంత ఖర్చు పెట్టినా పెద్దగా ఫలితం ఉండదు.

నన్ను వెంటనే సూదికి పంపలేదు ఆయన. మూడు నెలల పాటు నైట్ గార్డ్ (నిద్రపోయేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు), రోజుకి రెండుసార్లు వేడి కాపడం, ఫిజియోథెరపీ. నొప్పి సగం తగ్గింది. మిగతా సగం కదల్లేదు. అప్పుడు మళ్ళీ బొటాక్స్ మాట వచ్చింది.

మా ఆయన భయపడ్డారు, "విషం కదా అది" అని. విషమే. క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా తయారుచేసేది. సరిగ్గా నిల్వ చేయని డబ్బా ఆహారం తిని మనుషులు చనిపోయేది దీనివల్లే. దాన్ని శుద్ధిచేసి, అతి తక్కువ మోతాదులో మందుగా వాడతారు. బిగుసుకొమ్మని నరం కండరానికి పంపే కబురు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా వెళ్తుంది. ఈ మందు అది విడుదల కాకుండా ఆపుతుంది. మూడు నాలుగు నెలలకి నరం కోలుకుంటుంది, కండరం మళ్ళీ బిగుసుకోవడం మొదలవుతుంది. అమెరికాలో దీనికి మొదటి అనుమతి 1989లో మెల్లకన్నుకి, కనురెప్పలు అదరడానికి వచ్చింది. 2010లో దీర్ఘకాలిక మైగ్రేన్‌కి వచ్చింది. దవడ నొప్పికి మాత్రం అక్కడ అనుమతి లేదు, డాక్టర్లు తమ విచక్షణ మీద వాడతారు. ఈ మాట డాక్టరే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత జబ్బు ఉన్నవాళ్ళకి వేయరని కూడా అప్పుడే చెప్పారు.

మొదటిసారి 2022 ఆగస్టులో. సీసా ఫ్రిజ్‌లోంచి తీసి నా ముందే సెలైన్ కలిపారు. కుదపలేదు, అరచేతిలో మెల్లగా తిప్పారు. తర్వాత తెల్ల పెన్సిల్‌తో చెవి దగ్గర నుంచి పెదవి మూల దాకా ఒక గీత గీసి, పళ్ళు బిగించమని, ఆ గీత కింద మాత్రమే నాలుగు చుక్కలు పెట్టారు. గీత దాటి పైకో ముందుకో పోతే నవ్వే కండరాలకి మందు తగులుతుందట. సన్నని సూది, చీమ కుట్టినట్టుంది. కణతల దగ్గర మాత్రం లోపల చిన్నగా చిటపటమన్న శబ్దం చెవికి వినిపించి బెదిరిపోయాను. బుగ్గలో ఉండే నమిలే కండరం మాసెటర్‌కి ఒక్కో పక్క 25 యూనిట్లు (ఈ మందుని కొలిచేది యూనిట్లలోనే), కణతకి ఒక్కో పక్క 10. మొత్తం 70. యూనిట్‌కి 350 చొప్పున 24,500 రూపాయలు. ఆస్పత్రిలో చేరే పని లేదు కాబట్టి నా ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వలేదు. నాలుగు గంటలు పడుకోవద్దు, ఆ రోజంతా బుగ్గలు రుద్దవద్దు అన్నారు. అంతే, పావుగంటలో బయటికొచ్చేశాను.

మూడు రోజులు ఏమీ తెలియలేదు. డబ్బులు పోయాయనుకున్నాను. ఐదో రోజు చపాతీ నములుతుంటే దవడ అలిసిపోయింది. పదో రోజు పొద్దున లేచి, పళ్ళు తోముకుని, కాఫీ తాగేశాక గుర్తొచ్చింది, ఇవాళ నొప్పి లేదని. ఏడాదిన్నర తర్వాత అలాంటి పొద్దున చూశాను. వంటింట్లోనే నిలబడి ఏడ్చాను.

రెండో వారం నుంచి దాదాపు నెల రోజులు నమలడం కష్టమైంది. చేగోడీలు, చెరకు ముక్కలు, వేయించిన పల్లీలు అన్నీ మానేశాను. అప్పుడు నన్ను కాపాడింది రాగిసంగటి. మా ఊళ్ళో సంగటి ముద్దని నమిలితే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, పప్పులోనో పులుసులోనో ముంచి మింగాలి. బెంగళూరులో ముద్దె (అక్కడి రాగిసంగటి) తినే పద్ధతీ అదే. దవడకి ఇంత విశ్రాంతినిచ్చే భోజనం ఇంకోటి లేదని అప్పుడే తెలిసింది.

రెండోసారి నేను తప్పు చేశాను. నాలుగు నెలలకి నొప్పి మళ్ళీ తొంగిచూసింది, చేతిలో డబ్బు లేదు. ఇంటికి దగ్గర్లో ఒక స్కిన్ క్లినిక్‌లో సగం ధరకి వేస్తామన్నారు. వేరే బ్రాండ్, "అవే యూనిట్లు మేడమ్" అన్నారు. ఒక్క బ్రాండ్ యూనిట్ ఇంకో బ్రాండ్ యూనిట్‌తో సమానం కాదని నాకు అప్పటికి తెలియదు. బుగ్గ నొక్కి చూడలేదు, గీత గీయలేదు. దవడ సన్నబడి అందంగా కనిపిస్తారని మాత్రం రెండుసార్లు చెప్పారు. వారం తిరిగేసరికి నవ్వితే ఎడమ పెదవి మూల పైకి లేవడం మానేసింది. ఏడు వారాలు అలాగే ఉంది. క్లాసులో ఒక పిల్ల, "మేడమ్, మీరు మా మీద కోపంగా ఉన్నారా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కట్టిన డబ్బు సంగతి అడిగితే, అదే తగ్గిపోతుందన్నారు. తగ్గింది, నిజమే. కానీ తగ్గినంత మాత్రాన వాళ్ళు చేసింది సరైపోదు. వేసేది ఏ బ్రాండ్, ఎన్ని యూనిట్లు, ఎక్కడెక్కడ అన్నది కాగితం మీద రాసివ్వమని అడగండి. రాయనంటే లేచి వచ్చేయండి.

మళ్ళీ పాత డాక్టర్ దగ్గరికే వెళ్ళాను. ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. 2023 మేలో మూడోది వేసేటప్పుడు అసలు పని మొదలుపెట్టించారు. ఇంజెక్షన్ పనిచేసే ఆ మూడు నాలుగు నెలల్లోనే దవడకి కొత్త అలవాటు నేర్పాలన్నారు. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు కలవకూడదు, నాలుక కొన పై పళ్ళ వెనక ఆనాలి. వినడానికి సులువు. నేను ఎర్ర చుక్క స్టిక్కర్లు కొని ఫోన్ మీద, డస్టర్ మీద, గ్యాస్ స్టవ్ పక్కన అంటించాను. చుక్క కనిపించినప్పుడల్లా చూసుకుంటే, పదిసార్లకి ఎనిమిదిసార్లు పళ్ళు బిగించే ఉన్నాను! పేపర్లు దిద్దేటప్పుడు, టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు కదలనప్పుడు మరీ ఎక్కువ. 2023 అక్టోబరులో బయ్యప్పనహళ్ళి నుంచి కె.ఆర్.పురం దాకా మెట్రో కలిశాక నేను బస్సు మానేశాను. పొద్దుటి టెన్షన్ తగ్గింది, దానితో పాటు ఆ బిగింపూ తగ్గింది. నా దవడకి ఆ మెట్రో కూడా మందే.

నాలుగోది ఏడు నెలల తర్వాత పడింది, ఐదోది ఇంకో తొమ్మిది నెలలకి, 2024 సెప్టెంబరులో. యూనిట్లు కూడా 70 నుంచి 50కి తగ్గించారు. ఎక్కువ గ్యాప్ ఇవ్వడానికి డాక్టర్ ఇంకో కారణం చెప్పారు. నమిలే ఒత్తిడి లేకపోతే దవడ ఎముక పలచబడుతుందని కుందేళ్ళ మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది. మనుషుల్లో ఫలితాలు ఒక్క మాట మీద లేవు. అందుకే నొప్పి లేకుండా, నాలుగు నెలలు అయ్యాయని చెప్పి వేయరు. నెలల లెక్కన ప్యాకేజీలు అమ్మే చోట్లకి వెళ్ళొద్దని నేను అందరికీ చెప్తున్నది ఇందుకే.

ముఖం మారింది. కండరం చిక్కి బుగ్గలు లోపలికి పోయాయి. సంక్రాంతికి వెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపి, "ఏమే, బుగ్గలు పీక్కుపోయినాయి, అన్నం తింటాండావా లేదా?" అంది. కొందరు దీనికోసమే వేయించుకుంటారట. నాకైతే అద్దంలో ఆ ముఖం అలవాటు కావడానికి చాన్నాళ్ళు పట్టింది.

ఇప్పటి లెక్క ఇది. 2025 ఆగస్టుకి ఐదో ఇంజెక్షన్ వేసి పదకొండు నెలలు. తలనొప్పి నెలకి ఒకటి రెండుసార్లు వస్తుంది, అంతకుముందు రోజూ వచ్చేది. నోట్లో మూడు వేళ్ళూ పడుతున్నాయి. కుడివైపు టప్‌మనేది అలాగే ఉంది, ఒక్క రోజు కూడా ఆగలేదు, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోవడం లేదు. నైట్ గార్డ్ ఒక్క రాత్రి కూడా మానలేదు. దాని మీద పడ్డ గాట్లు చూస్తే, అది లేకపోతే నా పళ్ళు ఏమయ్యేవో తెలుస్తుంది.

పోయిన వారం డాక్టర్ మళ్ళీ బుగ్గల మీద వేళ్ళు పెట్టి కొరకమన్నారు. బుగ్గ కండరం మెత్తగానే ఉందట, ఎడమ కణత కొంచెం గట్టిపడిందట. అర్ధ సంవత్సర పరీక్షల పేపర్లు దిద్దడం అయ్యాక రమ్మన్నారు. అప్పటికీ గట్టిగానే ఉంటే కణతలకి మాత్రమే వేస్తారు, ఒక్కో పక్క పది యూనిట్లు.