ముఖం చూపే పోస్టర్, గుర్తు చూపే పోస్టర్

సినిమా పోస్టర్‌కి దొరికేది దారిన పోతూ వేసే ఒక్క చూపు. ఆ చూపులోనే కథ రుచి చూపించాలి. అందుకు కొందరు నటుడి ముఖాన్ని నింపేస్తారు, కొందరు ముఖం పక్కనపెట్టి ఒక గుర్తుని నమ్ముకుంటారు.

ముఖానిది సులువైన పని. పోలికతోనే అర్థమైపోతుంది కాబట్టి తత్వవేత్త పియర్స్ లెక్కలో అది ‘ఐకాన్’. సూటిగా చూసే కళ్లు సవాలు విసురుతాయి, పక్కకు తిరిగిన కళ్లు అనుమానం రేపుతాయి. కానీ సినిమాలో ఎవరున్నారో చెప్పినంత బాగా, ఏముందో చెప్పలేదు.

గుర్తు అలా కాదు. అమెరికన్ డిజైనర్ సాల్ బాస్ 1958లో ‘వెర్టిగో’ అనే థ్రిల్లర్ సినిమాకి రూపొందించిన పోస్టర్ చూడండి. ఎరుపు కలిసిన నారింజ రంగు మీద తెల్లటి సుడి, అందులోకి జారిపోతున్నట్టు నల్లటి మగమనిషి ఆకారం. పక్కనున్న స్త్రీ మాత్రం వట్టి గీతలే, లోపలంతా ఖాళీ! అతను నిజం, ఆమె నీడ అనిపిస్తుంది. కథ తెలియకపోయినా కళ్లు తిరుగుతాయి. ఏ ముఖమూ ఇంత పని చేయలేదని నా గట్టి నమ్మకం.

గుర్తుతో చిక్కూ ఉంది. ఎరుపు ఒక్కటే ఉంటే ప్రేమా, ప్రమాదమా తెలియదు. గులాబీ పక్కన ఒక అర్థం, కత్తి పక్కన ఇంకో అర్థం.

తారల మీద నడిచే కామెడీకి ముఖమే సరి. థ్రిల్లర్‌కైతే నా ఓటు గుర్తుకే. ఫోన్ తెరపై బొటనవేలంత బొమ్మలో ఐదు ముఖాలు కలిసిపోతాయి, సుడి మాత్రం సుడిలాగే కనిపిస్తుంది.