హోండా జీఎక్స్35 బ్రష్ కట్టర్: రెండు సీజన్లు వాడాక

టూ స్ట్రోక్ వాటిలా పెట్రోల్లో ఆయిల్ కలుపుకునే గొడవ ఉండదని కొన్నా ఈ గడ్డి కోసే మిషన్ని. 35.8 సీసీ ఫోర్ స్ట్రోక్, ఉత్త పెట్రోల్ పోస్తే చాలు, పొగ లేదు, సౌండ్ కూడా చెవులు చిల్లులు పడేలా ఉండదు, గట్టు మీద ఎటు వంచి కోసినా ఆగదు. భుజానికి మాత్రం టూ స్ట్రోక్ కంటే కాస్త బరువు తెలుస్తుంది.

కలిపే పని తప్పింది కదా అని, ఇంజన్లో విడిగా పోసే ఆయిల్ సంగతే మర్చిపోయే టైపు అయితే మాత్రం కొనకండి. ఇందులో పట్టేదే మొత్తం 100 మి.లీ., అంత కొంచెం ఆయిల్ నల్లబడటానికి ఎంతసేపు. కొత్తలో 10 గంటలు నడిచాక ఒకసారి, తర్వాత 50 గంటలకో ఆర్నెల్లకో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. కింద డ్రెయిన్ బోల్టు లేదు, ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మూత తీసి పోసే మూతిలోంచే వంపాలి, చేతులు, బూట్లు అన్నీ ఆయిలే. పోసేటప్పుడు ఇంజన్ని సమంగా పెట్టి మూతి అంచు దాకా రాగానే ఆపాలి. నేనేమో వంచి పట్టుకుని ఇంకొంచెం పడితే మంచిదేగా అని పోశా, స్టార్ట్ చేయగానే తెల్లపొగ, ఎయిర్ ఫిల్టర్ స్పాంజ్ ఆయిల్లో తడిసి ముద్ద. సబ్బునీళ్ళతో ఉతికి ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిల్ పట్టించి గట్టిగా పిండి మళ్ళీ పెట్టుకోవాల్సొచ్చింది.

అసలు ఏడిపించింది ఇంకోటి. అరగంట కోయగానే బండి నీరసపడిపోయేది, చల్లారితే మళ్ళీ మామూలే. ప్లగ్ కొత్తది వేశా (గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ.), కార్బరేటర్ క్లీన్ చేయించా, ఊహూ. చివరికి విసుగొచ్చి పైన ప్లాస్టిక్ కవర్ విప్పి చూస్తే సిలిండర్ ఫిన్స్ (చుట్టూ రేకుల్లా ఉంటాయి) మధ్య గడ్డి పొట్టు, జిడ్డు కలిసి మందంగా అట్టకట్టేసి ఉంది! దీనికి నీళ్ళూ రేడియేటరూ ఉండవు కదా, ఫ్లైవీల్ ఫ్యాన్ తోసే గాలి ఆ సందుల్లోంచి పోతేనే చల్లబడేది, సందులే మూసుకుపోతే ఇంకేం చల్లబడుతుంది. పాత టూత్ బ్రష్షు, పుల్ల పెట్టి గీకితే పది నిమిషాల పని, దానికోసం నేను ఒక ప్లగ్గూ ఒక ఆదివారమూ తగలేశా. ఇప్పుడు వాడిన ప్రతిసారీ, చల్లారాక, ముందు అటే చూస్తా.

సీజన్ అయిపోయాక పెట్రోల్ అలాగే వదిలేస్తే కార్బరేటర్ జెట్లలో, అంటే పెట్రోల్ పోయే సన్నని రంధ్రాల్లో, జిగురు పడుతుంది, తీసేసి పెట్టండి. తాడు రెండు మూడు లాగుళ్ళకే అందుకుంటుంది ఇప్పటికీ. ఐదుకి నాలుగు ఇస్తా, ఆ ఒకటీ డ్రెయిన్ బోల్టు పెట్టనందుకు.